ఏ అంకెతో భాగించాలి?

మొన్న మార్చిలో మా అన్నయ్య కూతురు బడిలో ఇవ్వవలసిన చరిత్ర వ్యాసాన్ని ఒకసారి చూసి పెట్టమని నాకు పంపింది. అంతర్యుద్ధానికి ముందు అమెరికాలో వచ్చిన ఆర్థిక మార్పు దాని విషయం. పిల్ల బాగానే రాస్తుంది, నేను సరిదిద్దవలసింది పెద్దగా లేదు. రెండో పుటలో మాత్రం ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. 1836లో అమెరికా ఆర్థిక వ్యవస్థలో దాదాపు సగం బానిసలు పండించిన పత్తి నుంచే వచ్చిందని రాసింది. ఫోన్ చేసి ఆ సగం ఎక్కడిదని అడిగాను. తరగతిలో పంచిన కాగితాల్లో ఉందట. "తప్పా బాబాయ్?" అని అడిగితే వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. వాక్యం నమ్మబుద్ధి కాలేదు, ఎందుకు కాలేదో మాత్రం నాకే తెలియదు.

అదే వారంలో ఒక మిత్రుడి ఇంట్లో భోజనాల దగ్గర ఈ మాట ఎత్తాను. ఇదంతా వామపక్ష ప్రొఫెసర్ల కల్పన అనీ, అమెరికాను కట్టింది కాలువలు, మరలు, మనుషుల చొరవ అనీ, బానిసత్వం వెనకబడిన దక్షిణాది గొడవ మాత్రమే అనీ ఆయన తేల్చేశాడు. ఆయన దగ్గర అంకె ఏదీ లేదు, కానీ గొంతులో సందేహం కూడా లేదు. ఈ ఇద్దరి మధ్య చిక్కుకుని నేను కొన్ని నెలలు చదివాను. చదివిన కొద్దీ నాకు కుదురుకున్న అభిప్రాయం ఒక్కటే. చరిత్రకారుడి పక్షపాతాన్ని మనం అతని ముగింపులో వెతుకుతాం. అది చాలావరకు అంతకు ముందే, అతను భాగహారంలో కింద పెట్టుకున్న అంకెలో, అంటే హారంలో, స్థిరపడి ఉంటుంది.

సగం అనే అంకె

ఆ సగానికి మూలం అమెరికన్ చరిత్రకారుడు ఎడ్వర్డ్ బాప్టిస్ట్ 2014లో ప్రచురించిన పుస్తకం. 1836లో బానిసల శ్రమతో పండిన పత్తి విలువ సుమారు 7.7 కోట్ల డాలర్లనీ, అది దేశ ఉత్పత్తిలో దాదాపు 5 శాతమనీ అందులోనే ఉంది. అక్కడితో ఆగి ఉంటే పేచీ లేదు. కానీ ఆయన దానికి పత్తి సాగు కోసం జరిగిన భూముల అమ్మకాలను, బానిసల అమ్మకాలను, అప్పులను, దక్షిణాదికి వెళ్ళిన పంది మాంసాన్ని, గొడ్డళ్ళను, ఈశాన్యాన ఉన్న న్యూ ఇంగ్లండ్ మిల్లుల బట్టను, ఆ మిల్లుల్లో కూలి తీసుకున్నవారు చేసిన ఖర్చును కూడా కలుపుకుంటూ పోయాడు. మొత్తం 60 కోట్ల డాలర్లు దాటింది. అది దేశ ఆర్థిక కార్యకలాపంలో దాదాపు సగమని రాశాడు.

ఇందులో పొరపాటు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఆర్థికశాస్త్రం అక్కర్లేదు. పత్తి పండే ఊళ్ళో పుట్టినవాళ్ళకు అది ఇట్టే తెలుస్తుంది. రైతు క్వింటా పత్తి అమ్మిన డబ్బును, జిన్నింగ్ మిల్లు దూది అమ్మిన డబ్బును, స్పిన్నింగ్ మిల్లు నూలు అమ్మిన డబ్బును, బట్టల కొట్టువాడి గల్లాపెట్టెను వరుసగా కూడితే ఒకే పత్తిని నాలుగుసార్లు లెక్కపెట్టినట్టు. పొలం చేతులు మారిన సొమ్ము ఆ ఏడు పండిన పంట కాదు. మనిషిని అమ్మిన సొమ్మూ అంతే. పైన ఇన్నిసార్లు కూడిన మొత్తాన్ని కింద ఒక్కసారే లెక్కపెట్టిన దేశ ఉత్పత్తితో భాగిస్తే ఎంత పెద్ద అంకె కావాలంటే అంత పెద్ద అంకె వస్తుంది. ఇదే పద్ధతిలో మొక్కజొన్నకు, గోధుమకు, పందులకు కూడా వాటాలు కట్టి అన్నీ కలిపితే నూరు శాతం ఎప్పుడో దాటిపోతుంది. ఆర్థిక చరిత్రకారులు అలన్ ఓమ్‌స్టెడ్, పాల్ రోడ్ 2018లో ఈ లెక్కను విప్పి చూపారు.

అయితే నా మిత్రుడు అప్పుడే సంతోషించనక్కర్లేదు. 1830లలో అమెరికా ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే, దానిలో అనుమానం లేదు. ఎగుమతులు మొత్తం ఉత్పత్తిలో పదో వంతుకు లోపే గనుక ఆ సగం ఈ సగం కాదు, అంతే. కానీ బయటి దేశాల నుంచి అప్పు తెచ్చుకుని, సరుకులు తెచ్చుకుని ఎదుగుతున్న దేశానికి, విదేశాలలో చెల్లుబాటయ్యే సరుకు ఒక్కటే ప్రధానంగా ఉన్నప్పుడు, అది 5 శాతమే కదా అని తీసిపారేయడం కూడా హారాన్ని తనకు అనువుగా ఎంచుకోవడమే. 1790లో 7 లక్షలున్న బానిసల సంఖ్య 1860 నాటికి 39.5 లక్షలైంది. వెనకబడి చచ్చిపోతున్న వ్యవస్థ అలా పెరగదు.

బాప్టిస్ట్ పుస్తకం వచ్చిన కొత్తలో ది ఎకానమిస్ట్ పత్రిక ఒక సమీక్ష వేసి, నిరసనలు రాగానే క్షమాపణ చెప్పి దాన్ని ఉపసంహరించుకుంది. పుస్తకంలో నల్లవారు దాదాపు అందరూ బాధితులుగా, తెల్లవారు దాదాపు అందరూ దుర్మార్గులుగా ఉన్నారన్నది సమీక్షకుడి ఫిర్యాదు. పత్తి ఏరే వేగం పెరగడానికి యజమానులు బానిసలను బాగా చూసుకోవడం కూడా ఒక కారణం కావచ్చని, ఆధారమేమీ లేకుండానే, ఊహించాడు. నాకు అన్నిటికంటే విచిత్రంగా తోచింది ఇదే. అడగవలసిన కూడిక తప్పు ఆ పుస్తకంలో కళ్ళెదుట ఉండగా, పుస్తకం నచ్చని మనిషికి అది కనబడలేదు. స్వరం నచ్చలేదు, దాని మీదే ఆగిపోయాడు. పుస్తకం నచ్చినవారికీ ఆ తప్పు కనబడలేదు, కాబట్టే అది మా పిల్ల తరగతి కాగితాల దాకా వచ్చింది.

ఒక డైరీ, రెండు లెక్కలు

అంకె తప్పయితే దిద్దుకోవచ్చు. అంకె సరైనదే అయి, మనిషిని తప్పుదారి పట్టిస్తే ఏం చేయాలి? 1974లో రాబర్ట్ ఫోగెల్, స్టాన్లీ ఎంగర్‌మన్ ప్రచురించిన పుస్తకం దీనికి నాకు తెలిసిన అన్నిటికంటే మంచి ఉదాహరణ. లూసియానాలో బెన్నెట్ బారో అనే తోట యజమాని ఎవరిని ఎప్పుడు కొట్టించాడో డైరీలో రాసుకునేవాడు. సుమారు రెండేళ్ళ కాలంలో 160 కొరడా శిక్షలు నమోదయ్యాయి. ఆర్థికవేత్తలిద్దరూ దాన్ని పనివారి సంఖ్యతోనూ ఏళ్ళతోనూ భాగించి, మనిషికి ఏడాదికి సగటున 0.7 శిక్షలు అని తేల్చారు. చదివినవాడికి ఏమనిపిస్తుంది? ఏడాదికి ఒక్కసారి కూడా కాదే అనిపిస్తుంది.

మరుసటి ఏడాది చరిత్రకారుడు హెర్బర్ట్ గట్‌మన్ అదే డైరీని తీసుకున్నాడు. తోటలోని బానిసల సంఖ్యను వాస్తవానికి మించి తీసుకున్నారని మొదట ఎత్తిచూపాడు. తర్వాత అవే 160 శిక్షలను మనుషులతో కాకుండా రోజులతో భాగించాడు. ఆ తోటలో సగటున ప్రతి 4.56 రోజులకు ఒకరు కొరడా దెబ్బలు తిన్నారు. డైరీ ఒకటే, శిక్షలూ అవే, మారింది హారం ఒక్కటే.

ఈ రెండో అంకె చూసినప్పుడు నాకు మా ఊరి బడి గుర్తొచ్చింది. లెక్కల మాస్టారు రోజుకు ఒకరినో ఇద్దరినో బెత్తంతో కొట్టేవారు. తరగతిలో నలభై మందిమి. తలసరి లెక్కవేస్తే నెలకు ఒక దెబ్బ చొప్పున కూడా పడదు, ఏడాది మొత్తంలో నేను తిన్నవి నాలుగైదుకు మించవు. కానీ గంట మోగి ఆయన తలుపు దగ్గరికి వచ్చేసరికి నలభై జతల అరచేతులకూ చెమట పట్టేది. బడి బెత్తానికీ తోట కొరడాకూ పోలిక లేదని నాకు తెలుసు. సగటు మాత్రం రెండుచోట్లా ఒకే పని చేస్తుంది. భయాన్ని దెబ్బ తిన్నవాడి ఖాతాలో మాత్రమే రాసి, చూసినవాళ్ళ ఖాతాలను ఖాళీగా వదిలేస్తుంది.

ఫోగెల్‌ను బానిస యజమానుల పక్షపాతిగా కొట్టిపారేద్దామా అంటే, జీవితం అంత సులువుగా పట్టు ఇవ్వదు. ఆయన యౌవనంలో కమ్యూనిస్టు యువజన కార్యకర్త. భార్య ఎనిడ్ ఆఫ్రికన్ అమెరికన్. బానిసలను సోమరులుగా, చేతకానివారుగా చిత్రించిన పాత చరిత్రను ఖండించి, అంతటి క్రూర వ్యవస్థలోనూ వారు సమర్థంగా పనిచేశారని చూపడమే తన ఉద్దేశమని ఆయన చెప్పుకున్నాడు. 1989లో మళ్ళీ రాసిన పుస్తకంలో బానిసత్వం నైతికంగా ఎందుకు నేరమో విడిగా వివరించాడు. 1993లో నోబెల్ బహుమతి పొందాడు. అంటే మనిషి రాజకీయాలను బట్టి అతని హారాన్ని ముందే ఊహించగలమనుకోవడం కూడా పొరపాటే. 0.7కు కారణం జాత్యహంకారం కాదు. మనిషికీ ఏడాదికీ ఇంతని కొలిస్తేనే శాస్త్రం అనే వృత్తి అలవాటు దానికి కారణం. తనకు ఏ భావజాలమూ లేదని నమ్మే భావజాలమది, అందుకే దాన్ని పట్టుకోవడం మరింత కష్టం.

విత్తనమా, కొరడానా

1801కీ 1862కీ మధ్య ఒక మనిషి రోజులో ఏరే పత్తి సుమారు నాలుగు రెట్లయింది. తోటల లెక్కల పుస్తకాల నుంచి దీన్ని కష్టపడి పోగుచేసింది ఓమ్‌స్టెడ్, రోడ్‌లే. బాప్టిస్ట్ వారి అంకెలనే తీసుకుని, ఆ పెరుగుదలకు కారణం హింసే అన్నాడు. ఒక్కొక్కరికీ రోజుకింత అని తూకం నిర్ణయించడం, తగ్గితే కొట్టడం, అందుకుంటే తూకం పెంచడం ఆయన చెప్పిన పద్ధతి. అంకెలు పోగుచేసినవారేమో కారణం ప్రధానంగా విత్తనమన్నారు. మెక్సికో నుంచి వచ్చిన రకాలతో మిసిసిపి లోయలో అభివృద్ధి చేసిన వంగడాల కాయ పెద్దది, బాగా విచ్చుకుంటుంది, వేళ్ళకు పత్తి సులువుగా అందుతుంది. 1806లో వాల్టర్ బర్లింగ్ అనే ఆయన ఆ విత్తనాలను మెక్సికో నుంచి బొమ్మల పొట్టల్లో దాచి నాచెజ్ పట్టణానికి తెచ్చాడని ఒక కథ కూడా చెప్పుకుంటారు.

విత్తనం వాదన నాకు తక్షణం నచ్చింది. మాది పల్నాడులో పత్తి రైతు కుటుంబం. మొదటి తీతలో కాయలు నిండుగా పగిలి ఉన్నప్పుడు ఒడి కట్టుకుని దిగిన మనిషి సాయంత్రానికి ఎంత తీస్తుందో, గుడ్డికాయలు మిగిలిన చివరి తీతలో అదే మనిషి ఎంత తీస్తుందో చూస్తూ పెరిగాను. చివరి తీతకు కిలోకు కూలి పెంచితే తప్ప ముఠా కదిలేది కాదు. కాయను బట్టి చేయి నడుస్తుందని నాకు ఒకరు నిరూపించనక్కర్లేదు. పైగా కొరడా 1801లోనూ ఉంది, 1862లోనూ ఉంది. రెండు చివరలా ఉన్న వస్తువు ఒక్కటే అరవై ఏళ్ళ పెరుగుదలను వివరించలేదు.

అయినా సాల్మన్ నార్తప్ చెప్పినది చదివాక ఆ నిశ్చింత కొంత పోయింది. స్వేచ్ఛగా పుట్టి, అపహరణకు గురై, పన్నెండేళ్ళు లూసియానాలో బానిసగా బతికి బయటపడిన ఆయన 1853లో తన కథ ప్రచురించాడు. కొత్త పనివాడిని తొలిరోజు కొరడాతో తరిమి వీలైనంత వేగంగా ఏరించి, ఆ సాయంత్రం తూచి, ఆ తూకాన్నే అతని కొలతగా నిర్ణయించేవారు. మామూలు పనివాడికి రోజుకు 200 పౌండ్ల పత్తి. చీకటి పడ్డాక బుట్ట మోసుకుని తూకం కొట్టం వైపు నడిచే ప్రతి మనిషికీ, ఎంత అలసిపోయినా, గుండెలో దడే. తక్కువైతే దెబ్బలు. ఎక్కువైతే రేపటి నుంచి ఆ ఎక్కువే కొలత.

కాబట్టి విత్తనం కాయను మార్చింది. కాయ సులువైనప్పుడు మనిషికి మిగలవలసిన తీరిక మిగలకుండా చేసింది మాత్రం తూకం దగ్గరి కొరడాయే. పెరుగుదలకు కారణం ఏమిటని అడిగితే విత్తనం ముందుకు వస్తుంది. పెరిగినది ఎవరికి దక్కింది, ఎలా దక్కింది అని అడిగితే కొరడా ముందుకు వస్తుంది. బాప్టిస్ట్ రెండో ప్రశ్నకు సరైన సమాధానాన్ని మొదటి ప్రశ్న కింద రాశాడని నా అభిప్రాయం. ఆయన విమర్శకులేమో మొదటి ప్రశ్నకు బాగా సమాధానం చెప్పి, రెండోదాన్ని పక్కకు పెట్టారు.

పదకొండేళ్ళ హ్యారియట్

నేనుండే మసాచుసెట్స్‌లోని వెస్ట్‌ఫర్డ్ నుంచి, ఒకప్పటి బట్టల మిల్లుల ఊరు లోవెల్ దగ్గరే. పిల్లను వెంటబెట్టుకుని ఒక శనివారం బూట్ మిల్లు మ్యూజియానికి వెళ్ళాను. నేత గదిలో పాత మరమగ్గాలను ఇప్పటికీ నడిపి చూపిస్తారు. చెవుల్లో పెట్టుకోవడానికి స్పాంజి ముక్కలు ఇస్తారు. అవి పెట్టుకున్నా నాడె కొట్టుకునే దెబ్బ అరికాళ్ళ నుంచి పైకి వస్తుంది. పిల్ల ఏదో అడిగింది, పెదవులు కదలడం తప్ప నాకేమీ వినబడలేదు. ఇక్కడి మిల్లుల్లో నేసిన ముతక గుడ్డ దక్షిణాది బానిసల ఒంటికి వెళ్ళేది. ఆ రకం గుడ్డకు అక్కడ లోవెల్ అనే పేరే స్థిరపడింది.

ఈ మిల్లుల్లో పనిచేసినవారిలో హ్యారియట్ హ్యాన్సన్ ఒకతె. పదేళ్ళకే పనిలో చేరి నిండిన కండెలు తీసి ఖాళీవి పెట్టేది, వారానికి రెండు డాలర్లు. 1836లో మిల్లు వసతి గృహాల్లో తిండి ఖర్చు పెంచినప్పుడు అమ్మాయిలు సమ్మెకు దిగారు. తన గదిలోని పెద్ద అమ్మాయిలు దిగుదామా వద్దా అని తటపటాయిస్తుంటే, ఎవరొచ్చినా రాకపోయినా తాను వెళ్తానని పదకొండేళ్ళ హ్యారియట్ ముందు నడిచింది, మిగతావారు వెనక వచ్చారు. దానికి ప్రతీకారంగా, వసతి గృహం నడుపుకుంటున్న ఆమె తల్లిని, ఆ విధవరాలిని, పనిలోంచి తీసేశారు. పెద్ద పిల్లలను ఆపలేకపోయినా కన్నకూతురిని ఆపగలిగేదానివి కదా అన్నది మిల్లు ఏజెంటు తర్కం.

శ్రామిక చరిత్రకారులు ఈ సంఘటనను వదలరు, వదలకూడదు. కానీ హ్యారియట్ 1898లో, డెబ్బై దాటాక రాసుకున్న జ్ఞాపకాల్లో దీనితోపాటు ఇంకా చాలా ఉంది. పని గంటకు పావుగంటే ఉండేదనీ, మిగతా సమయం చదువుకునేవాళ్ళం, ఆడుకునేవాళ్ళమనీ రాసింది. మొదటిసారి తమ చేతికి తమ డబ్బు వచ్చిన ఆడవాళ్ళు ఎలా తలెత్తుకున్నారో రాసింది. రోజు మాత్రం ఉదయం అయిదు నుంచి రాత్రి ఏడు దాకా. మార్కెట్‌ను మెచ్చుకునే రచయిత ఈ పుటల దగ్గర ఆగుతాడు. ఒకే మనిషి, ఒకే పుస్తకం. ఎవరికి కావలసిన హ్యారియట్ వారికి దొరుకుతుంది. ఆమె మాత్రం రెండింటినీ ఒకే అట్టల మధ్య పెట్టింది. వృద్ధురాలి జ్ఞాపకం గతానికి పంచదార పూస్తుందన్న అభ్యంతరం నిజమే, కానీ ఆ పంచదార సమ్మె జ్ఞాపకానికి మాత్రం అంటలేదని ఎలా అనగలం?

ఇదే చీలిక పెద్ద పుస్తకాల్లోనూ ఉంది. 1815 నుంచి మొదలయ్యే మూడు దశాబ్దాలకు చరిత్రకారుడు చార్లెస్ సెల్లర్స్ మార్కెట్ విప్లవం అని పేరు పెట్టి, అది సామాన్య రైతుల జీవితాన్ని కబళించిందని రాశాడు. ఆక్స్‌ఫర్డ్ వారి చరిత్ర గ్రంథమాల కోసం రాసిన ఆ పుస్తకాన్ని సంపాదకుడు అందులో చేర్చుకోలేదు. 1991లో విడిగా వచ్చింది. ఆ స్థానంలో 2007లో వచ్చిన డేనియల్ వాకర్ హౌ గ్రంథం అసలు విప్లవం సమాచార, రవాణా రంగాల్లో వచ్చిందంది, పులిట్జర్ బహుమతి పొందింది. హౌ తన గ్రంథాన్ని ఆ కాలపు అమెరికా అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ స్మృతికి అంకితమిచ్చాడు. సెల్లర్స్ సానుభూతి 1828 అధ్యక్ష ఎన్నికల్లో ఆడమ్స్‌ను ఓడించిన ఆండ్రూ జాక్సన్ అనుచరుల వైపు. ఆ ఎన్నికల ఫలితం మీద నూట ఎనభై ఏళ్ళ తర్వాత కూడా వాదన నడుస్తోందన్నమాట! నాకు హౌ అంకితం నచ్చింది. పక్షపాతాన్ని మొదటి పుటలోనే బల్ల మీద పెట్టినవాడితో చదువరికి పేచీ తక్కువ. సెల్లర్స్ మార్కెట్ వ్యతిరేకులుగా చూపిన జాక్సన్ వర్గమే 1830లో మూలవాసులను తరిమే చట్టం తెచ్చింది. 1838-39లో దారిలో, శిబిరాల్లో సుమారు నాలుగు వేల మంది చెరోకీ తెగవారు చనిపోయారంటారు. ఖాళీ అయిన నేలలో చాలాచోట్ల పత్తి లేచింది. మార్కెట్‌ను ఎదిరించినవారి కథకు అది ఇమడదు గనుక, సెల్లర్స్ పుస్తకంలో దానికి దక్కవలసినంత చోటు దక్కలేదు.

కాటా దగ్గర

తిరిగి వచ్చేటప్పుడు కారులో పిల్ల ఒక ప్రశ్న వేసింది. "సగం అన్న అంకెను నువ్వు మూడు నెలలు వెతికావు. విత్తనం మాటను మాత్రం విన్న రోజే నమ్మేశావు. దాన్నెందుకు వెతకలేదు బాబాయ్?" మాకు పత్తి చేలు ఉండేవి కాబట్టి నాకు తెలుసునని చెప్పబోయి, ఆ వాక్యాన్ని మధ్యలోనే ఆపుకున్నాను.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. మా చేలో పదిహేనేళ్ళు ముఠా కట్టిన మేస్త్రమ్మ ఆ వేళకు అరుగు మీదే కూర్చుని ఉందట, ఫోన్ ఆమెకు ఇచ్చింది. కొత్త విత్తనాలు వచ్చాక తీత తేలికైందా అని అడిగాను. "తేలికయింది బాబూ, ఎందుకు కాలేదు," అంది. తర్వాత ఒక్క క్షణం ఆగి, "కాయ లావైన ఏడే మీ నాన్నగారు కిలో రేటు తగ్గించారు. అంతకుముందు ఎంత ఇంటికి తీసుకుపోయేవాళ్ళమో అంతే తీసుకుపోయాం," అంది. ఆమె ముఠా ఎవరి సొత్తూ కాదు, ఇష్టం లేకపోతే మరో చేను చూసుకోగలిగిన మనుషులు వాళ్ళు. లూసియానా తోటకూ మా చేనుకూ మధ్య ఉన్న ఆ దూరాన్ని నేను తగ్గించి చెప్పడం లేదు. కానీ కాటా పక్కన పుస్తకం పట్టుకుని ఎవరి బరువు ఎంతో రాసుకున్న పిల్లవాడిని నేనే. రేటు తగ్గిన సంగతి మాత్రం నాకు జ్ఞాపకం లేదు.

పిల్ల తన వ్యాసంలో సగం అన్న మాట కొట్టేసి, ఎగుమతుల్లో సగానికి పైగా అని మార్చి, మళ్ళీ చూసి పెట్టమని పంపింది. విత్తనాల గురించి ఒక పేరా కొత్తగా చేర్చింది. దాని పక్కన నార్తప్ చెప్పిన తూకం కొట్టం సంగతి కూడా పెట్టమని రాసి తిప్పి పంపాను.